కడపలో సముద్రం అర్జీ

ఒరేయ్ ఉప్పుచేపా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. అమ్మ మోకాళ్లు, పాప పరీక్షలు, ఇంటికి సున్నాలు... అందరం బాగున్నాం, అంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మీ ఊటుకూరు పెన్న మొగ కోసం, అదే పెన్న సముద్రంలో కలిసే చోటు కోసం, సోమవారం మేమిక్కడ అర్జీ పెట్టాంరా! మేమంటే టీకొట్టు బ్యాచ్, బుగ్గవంక పక్కనుండే అక్కలు, చెయ్యేటి గట్టున పొలం పోగొట్టుకున్న ఒక పెద్దాయన. కాగితం చూసి అర్జీలు తీసుకునే ఆఫీసరు సారు కళ్లద్దాలు తీసి, "కడపలో సముద్రం ఎక్కడుందయ్యా?" అన్నాడు. వెనకున్నవాళ్లంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది.

ఒక అక్క అందుకుంది చూడు: "మా వంక మురుగు పెన్నలో కలుస్తాది సార్. పెన్న పొయ్యి సముద్రంలో పడతాది. మజ్జలో యాడన్నా ఆగుతాదా?"

"సోమశిల డ్యాం దగ్గర ఆగుతుంది కదమ్మా" అన్నాడు సారు, గెలిచినట్టు!

నాకు కావలసింది అదే. హాస్టల్లో నువ్వు సాంబారుతో పళ్లెంలో గీసిన మ్యాపు గుర్తుందా, దాన్నే అప్పజెప్పాను. పైనుంచి నీళ్లు రాకపోతే అలలు ఇసుక మేటవేసి మొగ మూసేస్తాయి, పోటుపాట్లు లోపలికి ఆడవు, పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు పెరిగే చోటే ఉండదు అని. తీరప్రాంత నిబంధనలు కడప జిల్లాకు రావన్నాడు సారు. నిజమేరా, 2019 నోటిఫికేషన్ ప్రకారం ఎండాకాలంలో నదిలో ఉప్పదనం వెయ్యికి 5 పాళ్లు ఉన్నంత మేరకే అవి వర్తించేది.

అప్పటిదాకా నోరెత్తని పెద్దాయన అడిగాడు: "2021 నవంబర్లో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగినప్పుడు, నీళ్లు ఏ నిబంధన చూసుకోని నెల్లూరు దాకా పోయినాయి సార్?"

ఆ రోజు ఆయన బర్రెలు, ఇల్లు... సరే, అది ఎదురుగా చెప్తాలే.

మురుగు శుద్ధి చేసి వదలాలి, నదిలో యంత్రాలతో ఇసుక తవ్వొద్దు, వేసవిలోనూ సోమశిల కిందికి కొంత నీరు వదలాలి అని రాశాం. చివరిది మా చేతిలో లేదన్నాడు. నన్నడిగితే ముందు కదిలేది మురుగే, దానికి వార్డులో ఓట్లున్నాయి. మొగకు ఇక్కడ ఓట్లెక్కడివి? అందుకే నువ్వు మీ గ్రామసభలో తీర్మానం చేయించి పంపు, రెండూ కలిపి పైకి పంపుదాం. మీ "చెప్పులాయన" అడ్డం పడితే నా పేరు చెప్పు, పారిపోతాడు!

రసీదు జిరాక్స్ ఇందులోనే పెట్టాను. నెల్లూరు బస్సు డ్రైవరన్న హారన్ మీద హారన్ కొడుతున్నాడు, కవరు ఆయన చేతికే ఇస్తున్నా. ఇంకా మా వార్డు కార్పొరేటర్ ఏమన్నాడంటే... అబ్బా, బస్సు కదిలింది

నీ కారందోసె