తాతగారి అంబాసిడర్‌కి రంగు వేయిద్దామా, వద్దా?

అందరికీ నమస్కారం. నిన్న షెడ్డులోంచి బండిని బయటికి తోయించి కడిగించాను. 1971 నాటి మార్క్ 2 మోడల్, మన ఊహకంటే బాగుంది. ఒకటే బెంగ, డ్రైవర్ వైపు మ్యాట్ ఎత్తితే కింద నేల కనబడుతోంది! ఫ్లోరు తుప్పు పట్టిపోయింది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే ఇనుప చట్రం, ఉండదు, బలమంతా ఆ రేకుదే. కాబట్టి అక్కడ కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. బ్రేకులు, వైరింగు కూడా తప్పవు. వీటి మీద చర్చ వద్దు.

అసలు పేచీ రంగు దగ్గరే. పాత రంగంతా గీకేసి, పుట్టీ పెట్టి, కొత్త కారులా మెరిపిస్తానంటున్నాడు మెకానిక్. బాబాయ్‌కీ అదే ఇష్టమని తెలుసు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. డ్రైవర్ కిటికీ అంచున తాతగారి మోచెయ్యి ఆని ఆని రంగు అరిగి కింది పూత ప్రైమర్ తేలింది, చూశారా? అది గీకేస్తే మళ్లీ రాదు. రంగు వేయించడం వచ్చే ఏడాదైనా అవుతుంది.

ఇంకో మాట. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చు, కానీ బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. అందుకే డీజిల్ ఇంజిన్ ఆలోచన మానెయ్, అన్నయ్యా. పైగా అలా నమోదైతే రోజువారీ తిరగడానికి వీల్లేదు. వదిన కూరగాయల ప్లాను పోయినట్టే :)

వెల్డింగ్‌కి సోమవారం పంపిస్తున్నాను. రంగు సంగతి ఆదివారంలోగా చెప్పండి. అప్పటిదాకా వ్యాక్స్ పాలిష్ ఒక్కటే.