మొదటి బ్యాటరీకి సబ్సిడీ ఇచ్చారు, రెండో బ్యాటరీ సంగతేంటి?

గౌరవనీయులైన కేంద్ర భారీ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఎలక్ట్రిక్ వాహనాలకు సబ్సిడీ ఇవ్వడానికి మీ శాఖ నడిపిన ఫేమ్-2 పథకం కింద ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న లక్షల మందిలో నేనూ ఒకణ్ని. మాది హనుమకొండ. బండి తీసుకున్నది 2021లో. పెట్రోలు లీటరు వంద దాటిన రోజులవి. ఆ ఏడాది జూన్‌లోనే మీ శాఖ సబ్సిడీని బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్ కరెంటుకు) 10,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. నా బండిలో ఉన్నది 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, కాబట్టి బిల్లులో 30,000 తగ్గింది. అది జనం సొమ్ము, ఆ మాట నేను మరచిపోలేదు. ఆ సొమ్ముకు ఇప్పుడు ఏ గతి పట్టిందో చెబుదామనే ఈ ఉత్తరం.

బండికి ఏ రోగమూ లేదు. మోటారు చప్పుడు లేకుండా తిరుగుతోంది, బ్రేకులు పట్టు తప్పలేదు, రంగు కూడా పెద్దగా వెలవలేదు. పోయింది బ్యాటరీ ఒక్కటే. కొత్తలో కాజీపేట వెళ్లొచ్చి, మళ్లీ వరంగల్ మార్కెట్‌కు వెళ్లొచ్చినా ఇంకా చార్జింగ్ మిగిలేది. ఇప్పుడు నయీంనగర్ దాకా వెళితే తిరిగి ఇల్లు చేరతానో లేదో నమ్మకం లేదు. ఇందులో వింతేమీ లేదు. లిథియం బ్యాటరీ వాడినా అరుగుతుంది, ఊరికే ఉంచినా అరుగుతుంది, మా మే నెల ఎండలకు ఇంకా తొందరగా అరుగుతుంది. మొదటి సామర్థ్యంలో 80 శాతానికి పడిపోతే దాని పని అయిపోయినట్టే లెక్క వేస్తారు. టైరు మార్చినట్టు, బ్రేకు షూ మార్చినట్టు బ్యాటరీ కూడా మార్చుకోవాల్సిందే. ఆ సంగతి తెలిసే కొన్నాం.

మార్చుకుందామంటే బ్యాటరీ దొరకడం లేదు. మాకు బండి అమ్మిన షోరూం ఎప్పుడో ఎత్తేశారు. హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆగిపోయింది, దానికి వేసే బ్యాటరీ ప్యాక్ తయారు కావడం లేదు, ఎక్స్‌చేంజ్‌లో కొత్త బండి తీసుకోండి సార్ అన్నారు. పాతదానికి ఎంత కడతారని అడిగితే వాళ్లు చెప్పిన రేటు ఇక్కడ రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మీ పథకం నిబంధనల్లోనే ఒక మాట ఉంది. కంపెనీ బ్యాటరీతో సహా కనీసం మూడేళ్ల వారంటీ ఇవ్వాలి, వాహనం నడిచినంత కాలం సర్వీసుకు తగిన ఏర్పాట్లు ఉంచాలి అని. మూడేళ్లు దాటాయి, వారంటీ గురించి నాకు పేచీ లేదు. రెండో మాట గురించే అడుగుతున్నాను. నా ఆర్‌సీ 15 ఏళ్లకు ఇచ్చారు. బ్యాటరీయే దొరకనప్పుడు ఇక సర్వీసు దేనికి చేస్తారు?

మా వీధిలో ఒక పెద్దాయనకు పాతకాలపు బ్యాటరీ బండి ఉంది. గంటకు 25 కిలోమీటర్లు దాటదు, దానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. లోపల లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కొక్కటి 12 వోల్టులు. అవి ఏడాదిన్నర, రెండేళ్లకు మించి రావు. అవి పోగానే ఆయన చౌరస్తాలో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపుకు వెళతాడు. పాతవాటికి తూకం వేసి సీసం ధర తగ్గిస్తారు, కొత్తవి బిగిస్తారు, టీ తాగి వచ్చేలోపు బండి రెడీ. లెడ్ యాసిడ్ బండ్లు పనికిరావని మీ శాఖే 2018లో సబ్సిడీ నుంచి తప్పించింది. పనికిరాదన్న ఆ బండి ఇంకా రోడ్డు మీదుంది, సబ్సిడీ ఇచ్చి కొనిపించిన నా బండి వరండాలో స్టాండ్ వేసి ఉంది. లెడ్ గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ బ్యాటరీ ఏ కంపెనీదైనా ఒకటే కొలత, ఒకటే వోల్టేజీ, రెండే తీగలు. తేడా అంతా అక్కడే ఉంది.

చివరికి హంటర్ రోడ్డులో ఇన్వర్టర్లు, స్కూటర్ బ్యాటరీలు బాగుచేసే ఒక కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. మూత స్క్రూలు విప్పి, పైనున్న నీలం రంగు ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో నిలువునా కోశాడు. లోపల బొటనవేలంత సెల్స్ బారులు తీరి ఉన్నాయి, వాటి తలల మీదుగా నికెల్ పట్టీలు. మీటరు పుల్లలు ఒక్కో వరుస మీద పెట్టి చదువుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. పదహారు వరుసల్లో పదిహేను 3.7 వోల్టులకు అటూ ఇటూగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం 2.9. ఆ మూల పట్టీ మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. జోడెద్దుల్లో ఒకటి కూలబడితే రెండోది ఎంత బలంగా ఉన్నా బండి కదలనట్టు, ఆ ఒక్క వరుస కిందికి జారగానే బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్, మొత్తం ప్యాక్‌ను ఆపేస్తోంది. అది ఆపడం సరైనదే, ఆపకపోతే ప్రమాదం.

ఆ ఒక్క వరుస మార్చొచ్చు కదా అన్నాను. మారుస్తా గానీ అంకుల్, పాత సెల్స్ మధ్యలో కొత్తవి పెడితే బ్యాలెన్స్ కుదరదు, కొన్ని నెలలకే మళ్లీ వస్తారు, పైగా వేడెక్కితే నాది పూచీ కాదు అన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. తన దగ్గరున్న మరో ప్యాక్ బిగించి చూపించాడు. ప్లగ్గు సరిపోయింది, వోల్టేజీ సరిపోయింది, డిస్‌ప్లే మీద మాత్రం ఎర్రర్ కోడ్ వచ్చి బండి మొరాయించింది. పాత బీఎంఎస్ పంపే సంకేతం అందకపోతే మోటారును నడిపే కంట్రోలర్ తలుపు తీయదట. ఆ తాళం చెవి కంపెనీ దగ్గర ఉంది, ఆ కంపెనీ ఆ మోడల్‌నే వదిలేసింది.

భద్రత కోసమే ఈ తాళం అంటారేమో. భద్రత మాట తేలిగ్గా తీసేసేవాణ్ని కాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలు బిగించి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు దశల్లో అమలుచేశారు. మంచి పని. కానీ అసలు ప్యాక్ దొరకనివాడు ఏం చేస్తాడు? ఏ సెల్స్ వేశారో తెలియని, మీద రాసిన సామర్థ్యం లోపల ఉందో లేదో తెలియని ప్యాక్ ఎక్కడో చవగ్గా తెచ్చుకుని, బీఎంఎస్‌ను దాటేసి తీగలు కలిపించుకుంటాడు. రాత్రి దాన్నే మంచం పక్కన చార్జింగ్ పెడతాడు. అలా చేసినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. కంపెనీ వేసిన తాళం వల్ల ఇలాంటి ప్యాకులే ఇళ్లలోకి చేరుతున్నాయి. తయారీదారు చెప్పినదానికి భిన్నంగా బండిలో మార్పు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, రేపు ఏదైనా జరిగితే నష్టపోయేది కూడా ఆ మనిషే.

ఇక పన్ను. కొత్త ఎలక్ట్రిక్ బండి మీద జీఎస్టీ 5 శాతం. అదే బండికి వేసే లిథియం బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. 40,000 రూపాయల ప్యాక్ మీద 5 శాతమైతే 2,000, ఇప్పుడు కట్టాల్సింది 7,200. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు పెట్రోలు బైకుల మీద పన్ను 28 నుంచి 18కి దించారు. అంటే కొత్త పెట్రోలు బైకు మీద ఎంత పన్నో, పాత కరెంటు బండిని బతికించుకోవడానికి కొనే బ్యాటరీ మీదా అంతే పన్ను! బ్యాటరీ లేకుండా బండి అమ్మొచ్చు, రిజిస్టర్ చేయొచ్చు అని 2020 ఆగస్టులో రోడ్డు రవాణా శాఖ ఒప్పుకుంది. బండి నుంచి బ్యాటరీ వేరు కావచ్చని ఒప్పుకున్నాక, వేరైన బ్యాటరీకి వేరే పన్ను ఎందుకో ఎవరైనా చెప్పాలి. జీఎస్టీ కౌన్సిల్ మీ చేతిలో లేదని తెలుసు. 2019లో ఎలక్ట్రిక్ వాహనాల పన్నును 12 నుంచి 5కు తగ్గించింది కూడా ఆ కౌన్సిలే. అడిగేవాళ్లుంటే తగ్గుతుంది, అడగాల్సింది మీ శాఖే.

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం చూడండి. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ ఎలక్ట్రిక్ సైకిళ్లు, స్కూటర్ల బ్యాటరీని బయటి మెకానిక్ కూడా తీసి మార్చగలిగేలా ఉండాలి. మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఐదేళ్లు విడి బ్యాటరీలు దొరకాలి. సాఫ్ట్‌వేర్ అడ్డం పెట్టి మార్పిడిని ఆపకూడదు. అక్కడి కొనుగోలుదారుకు ఇంత రక్షణ ఉంది. మనకు దక్కింది సబ్సిడీ, అది కూడా కిలోవాట్ అవర్‌కు 15,000 నుంచి 10,000కు, 5,000కు, 2,500కు ఏటికేడు కరుగుతూ వచ్చింది. సబ్సిడీ తగ్గించినందుకు నాకు బాధ లేదు. డబ్బు ఇచ్చేటప్పుడు కంపెనీలతో కాగితం మీద రాయించుకున్న షరతును తర్వాత ఎవరూ తిరిగి చూడలేదన్నదే బాధ.

కాబట్టి నేను అడిగేది ఇది. ఫేమ్ సొమ్ము తీసుకున్న ప్రతి కంపెనీ, తాను అమ్మిన ప్రతి మోడల్‌కు బ్యాటరీ ఎక్కడ, ఎంతకు దొరుకుతుందో బహిరంగంగా ప్రకటించాలి. ఇక చేయలేమనే కంపెనీ ఆ బ్యాటరీ కొలతలు, కంట్రోలర్‌తో మాట్లాడే భాష బయటపెట్టాలి, మరొకరు తయారు చేసుకుంటారు. ప్యాక్ పరీక్ష కోసం వాహనాల పరీక్షా సంస్థలైన పుణెలోని ఏఆర్ఏఐకో, మానేసర్‌లోని ఐక్యాట్‌కో వెళ్లే స్తోమత హంటర్ రోడ్డు కుర్రాడికి లేదు. మా ఊళ్లోనే ఎన్ఐటీ ఉంది. అలాంటి చోట ప్యాక్ పరీక్షించి ముద్ర వేసే కేంద్రం పెడితే, అతను ఆ ముద్రతో దర్జాగా వ్యాపారం చేస్తాడు, నేను నిశ్చింతగా నిద్రపోతాను. ముద్ర ఉన్న ప్యాక్ మీద పన్ను 5 శాతం చేయమని ఆర్థిక శాఖకు మీరు రాయండి.

పాత ప్యాక్ సంగతి కూడా చెప్పాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారీదారుదే. ఎవరికి ఇవ్వాలో సర్వీస్ సెంటర్‌లో అడిగితే, మా దగ్గర అలాంటిదేమీ లేదన్నారు. తుక్కు దుకాణంలో వేయడానికి మనసొప్పక సిమెంటు గచ్చు మీద, పిల్లలకు అందకుండా విడిగా పెట్టాను. దాన్ని ఎక్కడ అప్పగించాలో మీ శాఖ నుంచి ఒక చిరునామా వస్తే వెంటనే తీసుకెళ్లి ఇచ్చేస్తాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి,
ఒక పాత కరెంటు బండి యజమాని