చిన్న సినిమాకు సాయంత్రం ఆట ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి, నీళ్లు ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి కదలని పేట. అప్పటి నుంచి వాన గట్టిగా పట్టిందంటే చాలు, మా వైపు కింది వాటాల వాళ్లు బియ్యం బస్తా, గ్యాస్ బండ మంచం మీదికి ఎక్కించి కూర్చుంటారు. అలాంటి వాన రాత్రి నేనూ మా చెల్లీ ఒక సినిమా చూడ్డానికి బయల్దేరాం. ఎందుకు వెళ్లాల్సొచ్చిందో మీకు చెప్పాలి.

ఆ సినిమాలో పేరున్న నటులెవరూ లేరు. కొందరు కుర్రాళ్లు చేతిలో ఉన్నదీ, స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చిందీ పెట్టి తీశారు. ఊరు మొత్తం మీద ఒక్క హాలు, రోజుకి ఒక్క ఆట దొరికింది, అదీ రాత్రి పదింటికి. మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో అన్నీ పెద్ద సినిమాకే. తెల్లారితే శుక్రవారం, కొత్త బొమ్మ పడుతుంది. ఆ గురువారం రాత్రి వదులుకుంటే ఇక చూసే దారి లేదు.

హాలుకి చేరేసరికి టికెట్లు ఇవ్వడం లేదు. "పది మంది వస్తేనే షో వేస్తాం మేడమ్" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అతని తప్పేం లేదు, పైవాళ్లు చెప్పమన్నది చెప్పాడు. మేం ఎనిమిది మందిమి ఉన్నాం. సినిమా తీసిన వాళ్లలో ఒకతను అక్కడే, తడిసిన చొక్కాతో, ఫోన్ చెవిన పెట్టుకుని "బెంజి సర్కిల్ దాటారా? నీళ్లెంత ఉన్నాయక్కడ? నిదానంగా రండి, మొదలెట్టకుండా ఆపుతాను" అని ఎవర్నో బతిమాలుతున్నాడు. వాళ్లు రాలేకపోయారు. చివరికి తక్కువైన రెండు టికెట్లూ తనే కొన్నాడు. జేబులో నోట్లు నానిపోయి ఒకదానికొకటి అంటుకుంటే కౌంటర్ మీద పెట్టి గోటితో విడదీశాడు. తన సినిమా వేయించుకోవడానికి తనే టికెట్ కొనుక్కోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదండీ.

సినిమా బాగుంది. అందులో మనుషులు మా వీధి మనుషుల్లాగే మాట్లాడారు. కానీ స్థిమితంగా చూడనిస్తేగా! అమ్మ ఫోన్ మీద ఫోన్: వీధిలో నీళ్లు మెట్టు దాకా వచ్చాయి, బుడమేరు కట్ట దగ్గర ఎలా ఉందో ఎవరూ చెప్పడం లేదు, మీరెక్కడున్నారు?

ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటింది. స్త్రీ శక్తి పథకంలో మాకు బస్సు ఉచితమే, ఆ వేళప్పుడు ఎక్కడానికి బస్సు ఉండాలి కదా. సింగ్ నగర్ అనగానే ఆటోవాళ్లు తల అడ్డంగా ఊపారు. ఒక పెద్దాయన మాత్రం "ఆడపిల్లలు, ఎక్కండమ్మా" అన్నాడు. దారిలో మోకాలి లోతు నీళ్లలో ఇంజన్ ఆగిపోయింది. ముగ్గురం కలిసి తోశాం. మ్యాన్‌హోల్ మూత ఎక్కడ తెరిచి ఉందో తెలియదు, చెల్లి డివైడర్ వదలకుండా అడుగు తీసి అడుగు వేసింది.

కాలవల సంగతి మున్సిపల్ శాఖ వారికి విడిగా రాస్తున్నాం. ఆట వేళ మాత్రం మీరు చూడాల్సిన విషయం. 2022 మార్చిలో వచ్చిన జీవో నం. 13 రోజుకి ఐదు ఆటలకు అనుమతిస్తూ, అందులో ఒకటి చిన్న సినిమాకు ఇవ్వాలనీ, అది ఉదయం 11 నుంచి రాత్రి 9 గంటల మధ్య ఉండాలనీ చెప్పింది. అది మంచి నిబంధన. అయితే చిన్న సినిమా అంటే రూ.20 కోట్ల లోపు అన్నారు. ఇరవై కోట్ల సినిమానీ ఇరవై లక్షల సినిమానీ ఒకే గాటన కడితే ఆ ఒక్క ఆటా ఎవరికి పోతుందో మీకు తెలియనిది కాదు. బాగా తక్కువ ఖర్చుతో తీసిన వాటికి వేరే పరిమితి పెట్టి, సాయంత్రం ఆట ఇప్పించండి. జనం చాలలేదని అప్పటికప్పుడు ఆట ఎత్తేసే పద్ధతినీ ఆపించండి.

ఆంధ్రదేశంలో తొలి సినిమా హాలు మారుతి, 1921లో వెలిసింది ఈ ఊళ్లోనే. గాంధీనగర్‌లో పంపిణీదారుల ఆఫీసుల చుట్టూ ఒకప్పుడు రాష్ట్రంలోని సినిమా వ్యాపారమంతా తిరిగింది. అలాంటి ఊళ్లో చిన్న సినిమాకు నిలవనీడ లేకపోవడం నాకు కష్టంగా ఉంది. కేరళ ప్రభుత్వ చలనచిత్ర అభివృద్ధి సంస్థ తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ అనే సొంత థియేటర్లు నడుపుతోంది. బెంగాల్ ప్రభుత్వం 1985లోనే కోల్‌కతాలో నందన్ కట్టింది. మనకూ అలాంటి చలనచిత్ర అభివృద్ధి సంస్థ, ఎఫ్‌డీసీ ఉంది. కొత్త భవనం కట్టేదాకా ఆగక్కర్లేదు, మా ఊళ్లో నాటకాలూ సభలూ జరిగే తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. నగర కార్పొరేషన్‌తో మాట్లాడి వారానికి ఒక సాయంత్రం, మంచి ప్రొజెక్టరు, తెర ఏర్పాటు చేసి, నామమాత్రపు అద్దెకు ఇప్పించండి. ఆరింటికి మొదలైతే తొమ్మిదింటికల్లా బస్సెక్కి ఇంటికి చేరతాం. మా అమ్మలాంటి వాళ్లు కూడా వస్తారు.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ