చీర ఫొటో మాత్రం నిజందే పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం,

చిన్న వ్యాపారులు ఏఐ వాడి అమ్మకాలు పెంచుకోవచ్చు అని మొన్న ఆదివారం మీ పేపర్లో వచ్చింది చదివాను. రాసిన వాళ్ళకి థాంక్స్, చాలా వరకు నిజమే. కానీ చేనేత చీరలు అమ్ముకునే మాలాంటి వాళ్ళ విషయంలో ఒక ముఖ్యమైన మాట అందులో రాలేదు, అందుకే రాస్తున్నా.

మాది చౌటుప్పల్ దగ్గర. మా ఆయన మగ్గం మీద, నేను ఆసు, కండెలు (నేతకి ముందు నూలు సిద్ధం చేసే పని) చూసుకుంటూ వాట్సాప్ లో ఇన్‌స్టాలో చీరలు అమ్ముతుంటాను. ఏఐ నాకు పనికొచ్చింది, అది ముందే చెప్పాలి. గూగుల్ వాళ్ళ ఏఐ జెమిని 2024 జూన్ లోనే తెలుగులో వచ్చింది కదా, నేను తెలుగులో చెప్తే బెంగళూరు కస్టమర్ కి ఇంగ్లిష్ లో మెసేజ్ రాసి పెడుతుంది, పార్సిల్ లేటైతే ఎలా సారీ చెప్పాలో, కాటన్ ఇక్కత్ ని (నూలుకి ముందే రంగులేసి నేసే చీర) మొదటిసారి ఎలా ఉతకాలో పద్ధతిగా రాసిస్తుంది. ఇదివరకు ఒక్క మెసేజ్ కోసం పక్కింటి పిల్లల్ని బతిమాలేదాన్ని, ఇప్పుడు రాత్రి పదింటికి కూడా నేనే రిప్లై ఇస్తున్నా.

తేడా వచ్చింది ఫొటోల దగ్గర. 2025 సెప్టెంబర్ లో అందరూ జెమినిలో తమ ఫొటో పెట్టి చీర కట్టించుకుంటున్నప్పుడు మా మరిది కొడుకు, పెద్దమ్మా మన చీరలు కూడా ఇలా చేద్దాం, మోడల్ ఖర్చు ఉండదు అన్నాడు. సరే అన్నాను. నీలం చీర, కాటన్, ఒళ్ళంతా వజ్రం ఆకారం డిజైన్, దాన్ని నేల మీద పరిచి ఫొటో తీసి ఇస్తే గుడి స్తంభాల పక్కన నిలబడ్డ అమ్మాయి కట్టుకున్నట్టు వచ్చింది. చూడ్డానికి కళ్ళు చెదిరిపోయేలా ఉంది, అదే రోజు విజయవాడ నుంచి ఒక టీచరమ్మ 3 వేల 200 పంపారు.

చీర అందాక ఆవిడ ఫోన్ చేసి "చీర బాగుందమ్మా, కానీ నువ్వు చూపించింది ఇది కాదు" అన్నారు. గట్టిగా కూడా అనలేదు, మామూలుగానే అన్నారు, అందుకే ఇంకా బాధేసింది. అప్పుడు ఫొటోని, ఇంట్లో ఉన్న అదే డిజైన్ చీరని పక్కపక్కన పెట్టి చూశాను. ఫొటోలో అంచుకి జరీ ఉంది, మేం వెయ్యలేదు. వజ్రాల గీతలు స్కేలు పెట్టి గీసినంత పదునుగా ఉన్నాయి. ఇక్కత్ లో అలా రాదండి. నూలుని ముందే చిటికి కట్టి (అక్కడక్కడ గట్టిగా బిగించి) రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తాం, కట్టు కిందకి రంగు కొద్దిగా పాకుతుంది, పడుగు పేక (నిలువు, అడ్డ దారాలు) వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతాయి, అందుకే బొమ్మ అంచు చెదిరినట్టు ఉంటుంది. తెలిసినవాళ్ళు చీర అసలుదో ప్రింటో చూసేది ఆ చెదురులోనే, తర్వాత తిరగేసి వెనక వైపు కూడా అదే రంగు ఉందా అని చూస్తారు. ఏఐ ఆ చెదురుని తప్పనుకుని సరిచేసేసింది. అంటే నా చీర చేనేత అని చెప్పే గుర్తుని నా ఫొటోలో నేనే చెరిపేసుకున్నాను. డబ్బు వెనక్కి పంపాను, ఆవిడకి సారీ కూడా చెప్పాను.

ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది. ఇలాంటి ఫొటోలకి జనం అలవాటు పడితే అసలు చీర వెలవెలబోయినట్టు, ప్రింటు చీరే అందంగా కనిపిస్తుంది. ఇప్పటికే ఇక్కత్ అని చెప్పి ప్రింటు బట్ట అమ్మే పేజీలు లెక్కలేనన్ని. పోచంపల్లి ఇక్కత్ కి 2005 లోనే జీఐ గుర్తింపు (ఆ ప్రాంతం సరుకే అని చెప్పేది) వచ్చింది, అసలు చేనేతే అని చెప్పే చేనేత మార్క్ 2006 లో వచ్చింది, కొన్ని రకాల బట్టలు చేతి మగ్గానికే కేటాయిస్తూ 1985 లో చట్టం చేశారు. ఇవన్నీ ఉన్నా కొనేవాళ్ళు ముందు చూసేది ఫోన్ లో బొమ్మనే కదా. ఏఐతో చేసిన వాటికి కనపడేలా లేబుల్ ఉండాలని 2025 అక్టోబర్ లో కేంద్రం డ్రాఫ్ట్ రూల్స్ పెట్టింది, మంచిదే, కానీ మా వీధిలో ఎవరినడిగినా ఆ సంగతి తెలీదు.

మెషిన్ అంటే నాకు వ్యతిరేకత ఏం లేదు. మా జిల్లా చింతకింది మల్లేశం గారు అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు, 2017 లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, ఆ నొప్పి మా అత్తమ్మని అడిగితే చెప్తుంది. ఆ యంత్రం నొప్పిని తీసేసింది, చీర మాత్రం అదే చీరగా ఉంది. ఏఐని కూడా అలాగే వాడుకోవాలని నేననేది. మెసేజ్ లు, లెక్కలు, అనువాదం, పండక్కి ఏ స్టాక్ పెట్టాలన్న ఆలోచన, అన్నిటికీ వాడండి. చీర బొమ్మ మాత్రం మారకూడదు. నేనిప్పుడు పొద్దున ఎండ పడకముందు గడప దగ్గర చీర పరిచి, అంచు, కొంగు, వెనక వైపు మూడు ఫొటోలు తీస్తున్నా. లైకులు తగ్గాయి నిజమే, ఆ తర్వాత ఒక్క చీర కూడా వెనక్కి రాలేదు.

ఏటా ఆగస్టు 7 న చేనేత దినోత్సవానికి స్టాళ్ళు పెడతారు, సన్మానాలు చేస్తారు. దాంతోపాటు ప్రతి చేనేత సొసైటీలో ఒక్క రోజు ఫోన్ క్లాస్ పెట్టమని, ఏఐతో ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో మా చీరల్నే పెట్టి చూపించమని చేనేత శాఖ వాళ్ళని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. చెప్పేవాళ్ళు తెలుగులో చెప్పాలి, క్లాస్ మధ్యాహ్నం పెట్టాలి, పొద్దున మాకు కండెల పని ఉంటుంది.

ఇట్లు,
ఒక చేనేత ఇల్లాలు,
చౌటుప్పల్, యాదాద్రి భువనగిరి జిల్లా