లైవ్ బెయిట్ అని డబ్బు తీసుకుని చచ్చిన చేపలు ఇచ్చారు: మిల్‌లాక్స్ ఐస్ ఫిషింగ్ ప్యాకేజీపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: జనవరి మూడో శనివారం ట్రిప్‌లో ఇచ్చిన ఎర చేపల గురించి, మిగిలిన వాటిని సరస్సులో పోయమన్న మీ గైడ్ సలహా గురించి.

ఆ రోజు మిన్నెసోటాలోని మిల్‌లాక్స్ సరస్సు మీద మీరు నడిపిన ఫ్యామిలీ ట్రిప్‌కి మా కుటుంబం వచ్చింది. బుకింగ్ నా పేరు మీదే ఉంది. మర్నాడే మీ వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెడితే, "చేపలు పడటం, పడకపోవడం అదృష్టం సార్, దానికి రీఫండ్ ఉండదు" అని జవాబు వచ్చింది. చేపలు పడలేదని నేను రాయలేదు. ఎర చచ్చిపోయిందని రాశాను. చేప పడటం ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటాను. ఎర చేపల్ని బతికించి తేవడం మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉన్న పని. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. మీరూ తెలుగువాళ్ళే, మీ ప్రకటన కూడా తెలుగులోనే వచ్చింది కాబట్టి ఇలా రాస్తే సూటిగా అర్థమవుతుందని ఆశ.

ముందు బాగున్నవి చెప్పాలి. టెంటు గట్టిది. హీటర్ బాగా పనిచేసింది, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టారు. మంచు మీద నడవాలంటే కనీసం 4 అంగుళాల మందం ఉండాలని ఇక్కడి డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెబుతుంది. మీ గైడ్ ఆగర్‌తో (మంచు తొలిచే డ్రిల్లుతో) కన్నం వేసి, అడుగుకు పైనే ఉందని కొలిచి మరీ చూపించాడు. పిల్లలతో వచ్చిన నాకు అక్కడే సగం టెన్షన్ తగ్గింది. వీటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇక ఎర సంగతి. మీ బిల్లులో మనిషికి 140 డాలర్లు కాక, "వాలై కోసం ప్రత్యేకంగా లైవ్ షైనర్లు, ఫాట్‌హెడ్ మిన్నోలు, వ్యాక్స్‌వార్మ్‌లు" అని విడిగా 35 డాలర్లు వేశారు (వాలై మనం పట్టాలనుకున్న చేప, షైనర్లు, ఫాట్‌హెడ్‌లు దానికి ఎరగా వేసే చిన్న చేపలు, వ్యాక్స్‌వార్మ్‌లు ఎర పురుగులు). సొంత గాలాలు ఉండి కూడా నేను మీ ప్యాకేజీ తీసుకోవడానికి ఒక కారణం ఆ లైనే. మా మామగారు ఆకివీడు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మంచు కింద చేపలు పట్టడం చూడాలని ఆయన సరదా. చలిలో బెయిట్ షాపుల చుట్టూ ఆయన్ని తిప్పడం ఎందుకని మీకు అప్పగించాను.

మినియాపొలిస్ నుంచి మిల్‌లాక్స్ సుమారు 100 మైళ్ళు. అంత దూరమూ ఆ మిన్నోలు మూత బిగించిన మామూలు ప్లాస్టిక్ బకెట్లో, మీ వ్యాన్ వెనక హీటర్ గాలి తగిలే చోట కూర్చుని వచ్చాయి. గాలి బుడగలు వదిలే చిన్న బ్యాటరీ ఏరేటర్ కూడా లేదు. సరస్సు దగ్గర మూత తీస్తే నీళ్ళు చిక్కగా, పైన నురుగుతో ఉన్నాయి. షైనర్లు దాదాపు అన్నీ వెల్లకిలా తేలాయి. ఫాట్‌హెడ్‌లు గట్టి పిండాలు కాబట్టి కొన్ని ఇంకా మూతులు తెరిచి పైకి వస్తున్నాయి. అప్పుడు మీ గైడ్ చేసిన పని చూసి నాకు నోట మాట రాలేదు. మంచు కన్నంలోంచి మగ్గుతో నీళ్ళు ముంచి ఒక్కసారిగా ఆ బకెట్లో కుమ్మరించాడు. గోరువెచ్చని నీళ్ళలో ఉన్న చేప మీద సున్నా డిగ్రీల నీళ్ళు పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మిగిలిన ఒకటీ అరా కూడా వంకర తిరిగిపోయాయి.

మా మామగారు కైకలూరు, ఆకివీడు వైపు చేప పిల్లల వ్యాపారంలో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి. బకెట్ మీదికి వంగి వాసన చూసి, "ముందు రోజు మేత ఆపలేదు అల్లుడుగారూ, దారంతా రెట్టలేసుకుని అందులోనే ఊపిరాడక పోయాయి" అన్నారు. మా వైపు చేప పిల్లల్ని పంపే ముందు మేత ఆపి, కడుపు ఖాళీ అయ్యాక, కవరులో మూడో వంతు నీళ్ళు పోసి మిగతాదంతా ఆక్సిజన్ నింపి మూతి కడతారు. ఎండాకాలమైతే రాత్రిపూటే బండి కదులుతుంది. 40 డిగ్రీల ఎండలుండే కోస్తాలో పిల్ల బతికి చెరువుకు చేరుతుంటే, చుట్టూ మంచే ఉన్న మిన్నెసోటాలో మీరు వాటిని వేడికి చంపారు. ఆయన దీన్ని ఇంకా నమ్మలేకపోతున్నారు.

గైడ్‌ని అడిగితే "ఈ చలికి చేపలు చావడం మామూలే అంకుల్" అన్నాడు. ఇది మాత్రం వదిలేయలేను. చలికి చేపలు చచ్చేట్టయితే ఆ మంచు కింద మనం పట్టడానికి వచ్చిన చేపలు ఎలా ఉన్నాయి? నీళ్ళు చల్లబడే కొద్దీ ఆక్సిజన్‌ని ఎక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల చిల్లర కరిగితే, సున్నా దగ్గర 14 దాటుతుంది. పైగా చల్లని నీళ్ళలో చేప ఒళ్ళు నెమ్మదిస్తుంది, దానికి కావలసిన ఆక్సిజనూ తగ్గుతుంది. అంటే ఎర చేపను బతికించడానికి చలికాలమే అన్నిటికన్నా సులువైన కాలం. మూత వదులుగా పెట్టి, బకెట్‌ని హీటర్‌కి దూరంగా ఉంచి, చేపల్ని కుక్కకుండా తెస్తే చాలు. కుళాయి నీళ్ళు పోసేట్టయితే ముందు క్లోరిన్ పోగొట్టాలి. ఇవన్నీ పెద్ద విద్యలు కావు, ఏ బెయిట్ షాపు కుర్రాడినడిగినా చెబుతాడు.

చచ్చినా ఎర ఎరే కదా అని మీరు అనవచ్చు. కొంతవరకు నిజమే. మిన్నో తల తుంచి జిగ్గింగ్ స్పూన్‌కి (చేత్తో ఆడించే లోహపు ఎరకి) గుచ్చితే చచ్చినదైనా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ కదలిక మన చేతిది, చేప ఇచ్చేది వాసన, రుచి. కానీ మిన్నెసోటాలో చలికాలంలో ఒక్కొక్కరు రెండు గాలాలు వేసుకోవచ్చు. ఒకటి చేత్తో ఆడించేది, రెండోది కదలకుండా వదిలేసేది. ఆ రెండో గాలానికి, అంటే చేప పట్టగానే జెండా లేచే టిప్-అప్ లాంటి దానికి, ఉన్న ఆకర్షణంతా బతికున్న చేపే. వీపు రెక్క కింద చర్మానికి మాత్రమే తగిలేలా ముల్లు గుచ్చితే అది అక్కడక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. ఆ ప్రకంపనను వాలై తన ఒంటి పక్కనుండే గీతతో (లాటరల్ లైన్) పసిగడుతుంది. చలికి మందగించిన వాలై దూరాలు వెంటాడదు, ముక్కు ముందు కొట్టుకునే దాన్ని మాత్రం వదలదు. చాలాసేపు మా రెండో గాలాలన్నిటికీ చచ్చిన చేపలే వేలాడాయి. మీరిచ్చిన వ్యాక్స్‌వార్మ్‌ల డబ్బాలో కూడా సగం నల్లబడి ఉన్నాయి, అంటే అవీ ఎప్పుడో పోయినవే.

పక్క టెంటులో ఉన్న ఒక ముసలాయన మా పిల్లల మొహాలు చూసి తన బకెట్లోంచి జాలితో నాలుగు మిన్నోలు ఇచ్చారు. కాసేపటికే మా అమ్మాయి గాలానికి పెర్చ్ పడింది. అదే కన్నం, అదే గాలం. ఇంతకంటే రుజువు నా దగ్గర లేదు.

ఇంతవరకే అయితే 35 డాలర్ల గొడవ. నేను అసలు రాయడానికి కారణం సాయంత్రం జరిగింది.

సామాను సర్దేటప్పుడు మీ గైడ్ "మిగిలినవి కన్నంలో పోసేయండి సార్, చేపల్ని వదిలితే పుణ్యం" అన్నాడు. పుణ్యం మాట దేవుడెరుగు, మిన్నెసోటాలో అది చట్టవిరుద్ధం. మిగిలిన ఎరను సరస్సులో వదలకూడదు, బతికున్నదైనా చచ్చినదైనా చెత్తబుట్టలోనే వేయాలి. దాచుకోవాలంటే సరస్సు నీళ్ళు అక్కడే పారబోసి, ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళలోకి మార్చుకోవాలి. నేను ఆపబట్టి సరిపోయింది. మాకు ఇంకో పక్కన ఉన్న టెంటులో మీ కస్టమర్లే, కొత్తగా ఇండియా నుంచి వచ్చిన జంట, అతని మాట విని పోసేశారు. జరిమానా పడితే వాళ్ళకి పడుతుంది, మీకు కాదు. హెచ్1బీ మీద ఉన్న మనిషికి చిన్న కేసు కూడా ఎంత నిద్ర పాడు చేస్తుందో మీకు నేను చెప్పాలా?

ఇంకొకటి. మీ బకెట్ మూతకి అంటించి ఉన్న రసీదు మీద విస్కాన్సిన్ అడ్రస్ ఉంది. ఫోటో జత చేస్తున్నాను. అది పాత రసీదే అయితే సంతోషం. ఆ మిన్నోలదే అయితే మాత్రం విషయం పెద్దది, ఎందుకంటే మామూలు వేటగాళ్ళు గానీ షాపులు గానీ బయటి రాష్ట్రాల నుంచి బతికున్న మిన్నోలను మిన్నెసోటాలోకి తేకూడదు. ఆ నియమం ఊరికే పెట్టలేదు. 2005, 2006ల్లో గ్రేట్ లేక్స్‌లో చేపల్ని గుట్టలుగా చంపిన వీహెచ్ఎస్ అనే వైరస్ 2007లో విస్కాన్సిన్‌లోని విన్నెబాగో సరస్సులో బయటపడింది. మనుషులకు అంటదు గానీ వాలై, పెర్చ్, మస్కీ లాంటి చేపలకు అంటుతుంది. ఎర బకెట్ల ద్వారా, వాటి నీళ్ళ ద్వారా అది ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పోగలదు.

అటు నుంచి ఇటు తెచ్చేదే కాదు, ఇక్కడి నుంచి పట్టుకుపోయేదీ ప్రమాదమే. మిల్‌లాక్స్‌లో 2005లో జీబ్రా మసెల్స్ (చిన్న ఆల్చిప్పలు), 2009లో స్పైనీ వాటర్ ఫ్లీ (ముల్లున్న చిన్న నీటి జీవి) అనే బయటి నుంచి వచ్చి పాడుచేసే జీవులు కనిపించాయి. అందుకే ఆ నీళ్ళు బకెట్లో పట్టుకుపోవడం నిషేధం. మీ గైడ్ పొద్దున కన్నంలోంచి ముంచి పోసిన నీళ్ళు మేం బయలుదేరేటప్పుడు కూడా బకెట్ అడుగున అలాగే ఉన్నాయి. వచ్చే వారం అదే బకెట్ ఏ సరస్సుకు వెళ్తుందో నాకు తెలియదు, మీకు తెలిసే ఉండాలి.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. చదువుకుంటూ వారాంతంలో పని చేసుకునే పిల్లాడిలా ఉన్నాడు, పిల్లలతో ఓపిగ్గా ఉన్నాడు. ఈ ఉత్తరం చూసి అతన్ని తీసేస్తే నేను రాసినదానికి అర్థమే ఉండదు. అతనికి ఎవరూ నేర్పలేదు, తప్పు నేర్పని వాళ్ళది.

నేను అడిగేవి ఇవి. ఎర కోసం విడిగా తీసుకున్న 35 డాలర్లు పూర్తిగా వెనక్కి ఇవ్వండి, ఆ రోజు వచ్చిన మిగతా కుటుంబాలకు కూడా అడగకుండానే ఇవ్వండి. ప్యాకేజీ మొత్తం వెనక్కి అడగడం లేదు, టెంటు, హీటర్ మేం వాడుకున్నాం. ఆ రోజు మిన్నోలు ఏ షాపులో కొన్నారో, ఆ షాపు ఏ రాష్ట్రంలో ఉందో రాతపూర్వకంగా చెప్పండి. మీ గైడ్‌లు ఇకపై మిగిలిన ఎరను ఏం చేయాలో, బకెట్ నీళ్ళు ఎక్కడ పారబోయాలో ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి ప్రతి టెంటులో పెట్టండి. ఏరేటర్ కొనండి, పెద్ద ఖర్చు కాదు. ఇవన్నీ చేయలేకపోతే ప్రకటనలోంచి "లైవ్" అనే మాట తీసేసి, ఎర ఎవరిది వాళ్ళే తెచ్చుకోమని రాయండి. దానికీ నాకు అభ్యంతరం లేదు.

రెండు వారాల్లో జవాబు రాకపోతే వాలై సీజన్ ముగిసేలోపే రసీదు ఫోటోతో సహా డీఎన్ఆర్‌కి రాస్తాను, డబ్బు సంగతి బ్యాంకు ద్వారా చూసుకుంటాను. సమాధానం ఈమెయిల్‌లోనే పంపండి. వాట్సాప్‌లో వద్దు, ఫోన్ అసలే వద్దు.

ఇట్లు,
మీ కస్టమర్
(పేరు, ఫోన్ నంబరు మీ బుకింగ్ రికార్డులో ఉన్నాయి)

జత: బిల్లు కాపీ, బకెట్ ఫోటోలు, మూత మీది రసీదు ఫోటో, వాట్సాప్ సంభాషణ.