పెద్ద రోడ్డు దాటడానికి 12 సెకన్లు చాలవు

సంపాదకుడు గారికి,

కర్నూలులో రాజ్ విహార్, సీ క్యాంప్ లాంటి కూడళ్ల దగ్గర ప్రమాదాల మాట వస్తే ‘జనం ఎక్కడబడితే అక్కడ దాటేస్తారు’ అంటారు. సిగ్నల్ సెకన్లు లెక్కగట్టి చూస్తే ఆ నింద ఎంత అన్యాయమో తెలుస్తుంది.

పాదచారులకు విడిగా లైటు లేనిచోట, మెయిన్ రోడ్డును దాటే వీలు దొరికేది పక్క రోడ్డు బండ్లకు పచ్చ పడినప్పుడే. పక్క రోడ్డులో బండ్లు తక్కువని ఆ పచ్చను 12 సెకన్లతో సరిపెట్టారనుకుందాం. మనిషి దాటాల్సింది మాత్రం 16 మీటర్ల రోడ్డు! సిగ్నళ్ల లెక్కల్లో నడక వేగం మామూలుగా సెకనుకు 1.2 మీటర్లు. అంటే నడకకే 13 సెకన్లు దాటుతుంది. లైటు చూసి అడుగు వేయడానికి, గుంపులో వెనకున్నవాళ్లు రోడ్డు మీదకు దిగడానికి ఇంకో ఐదారు సెకన్లు. సెకనుకు 0.8 మీటర్లే నడవగల ముసలివాళ్లకైతే నడకకే 20 సెకన్లు కావాలి. వాళ్లు నడిరోడ్డు మీద ఉండగానే అటు బండ్లు వదిలేస్తారు. కనీస పచ్చ సమయాన్ని బండ్ల రద్దీని బట్టి కాదు, దాటే రోడ్డు వెడల్పును బట్టి పెట్టాలి.

సమయం పెంచాం కదా అని సిగ్నల్ మొత్తం చుట్టును, అంటే ఒక పచ్చ నుంచి అదే వైపు మళ్లీ పచ్చ పడేదాకా పట్టే సమయాన్ని, రెండు నిమిషాలు దాటిస్తే అదీ చేటే. అర నిమిషం మించి నిలబెడితే చాలామంది ఓపిక పట్టలేక సందు చూసుకుని దిగేస్తారు.

రెండో చిక్కు ఎడమ మలుపు. మనిషికి, మలుపు తిరిగే బండికి ఒకేసారి పచ్చ పడుతుంది. నడిచేవాళ్లకు నాలుగైదు సెకన్లు ముందుగా పచ్చ ఇస్తే, బండి తిరిగేసరికి వాళ్లు జీబ్రా మధ్యకు చేరి డ్రైవరు కంటికి స్పష్టంగా కనబడతారు. దీనికి కొత్త స్తంభాలు అక్కర్లేదు, పాదచారుల లైటు ఉన్నచోట కంట్రోలర్‌లో సెట్టింగ్ మారిస్తే చాలు. సిగ్నల్‌తో పనిలేకుండా బండ్లు ఎడమకు తిరిగే ‘ఫ్రీ లెఫ్ట్’ ఉన్నచోట మాత్రం ఈ ఉపాయం పారదు. రద్దీ వేళల్లోనైనా దాన్ని ఆపాలి.

స్టాప్ లైన్ జీబ్రాకు ఆనుకుని ఉంటే బైకులు చారల మీదే ఆగుతాయి. రెండు మీటర్లు వెనక్కి జరపాలి. బస్సుకైతే ఇది మరీ ముఖ్యం, దాని ముందు భాగానికి దగ్గరగా నడిచే పిల్లలు డ్రైవరుకు కనిపించరు. జీబ్రా వెళ్లి డివైడర్ గట్టుకు తగిలితే చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది. అక్కడ గట్టు కోసి, నిలబడడానికి కనీసం మీటరున్నర లోతు చోటు వదలాలి. మూల మీద ఆటోలు ఆపకుండా చూడటం ట్రాఫిక్ పోలీసుల పని, దానికి పైసా ఖర్చు లేదు.

రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయొచ్చని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఏ సెక్షన్ చెబుతోంది. నగరపాలక సంస్థ ఇంజినీర్లు, ట్రాఫిక్ పోలీసులు కలిసి ఒక టేపు, ఒక స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి కూడలిలో రోడ్డు వెడల్పు, పచ్చ సెకన్లు కొలిచి, ఆ వివరాలను జనానికి ప్రకటించాలి. ఆసుపత్రులు, బడులు దగ్గరున్న కూడళ్లతో మొదలుపెట్టాలని కోరుతున్నాం.

– రోడ్డు భద్రతపై పనిచేసే కొందరు ఇంజినీర్లు, కర్నూలు