పాత డాంబర్ వేస్ట్ కాదు సార్

ఎడిటర్ గారికి, నమస్కారం.

1994లో నేను ఇల్లు కట్టుకున్నప్పుడు రోడ్డు మీది నుంచి గేటులోకి రావాలంటే రెండు మెట్లు ఎక్కాలి. ఇప్పుడు గేటూ రోడ్డూ ఒకే మట్టం. గట్టి వాన పడితే నీళ్లు తిన్నగా వాకిట్లోకి వస్తాయి. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. ఒకసారి ఆరంగుళాల కంకర పరిచారు, తర్వాత అంగుళంన్నర చొప్పున నాలుగుసార్లు డాంబర్ పొర వేశారు. పన్నెండు అంగుళాలు, అంటే సరిగ్గా రెండు మెట్లు. నేను రోడ్ల పనిలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన వాణ్ని కాబట్టి ఈ లెక్క చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందులో రెండు పొరలు నా చేతి మీదుగా పడ్డవే.

అందుకే మొన్న ఫిబ్రవరిలో మా పట్నం మెయిన్ రోడ్డు మీదికి మిల్లింగ్ మెషీన్ వచ్చిందంటే చాయ్ కూడా తాగకుండా చూడటానికి పోయాను. కింద తిరిగే డ్రమ్ముకు పళ్లు ఉంటాయి. అవి పాత పొరను గీకుతుంటే సరకు బెల్టు మీదుగా ముందున్న టిప్పర్లో పడుతుంది. కిలోమీటరు రోడ్డును రెండు రాత్రుల్లో గీకేశారు. చేతి గడ్డపారలతో అయితే నెల పట్టే పని. మనవాళ్లకు బుద్ధొచ్చిందని సంబరపడ్డాను.

టిప్పర్ల వెంట పోయి చూస్తే ఆ సరకంతా ఊరి బయట పల్లంలో, చెరువు పక్కన పోస్తున్నారు. అక్కడ నిలబడ్డ కుర్ర ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరును, అడిగాను. ‘‘ఇదంతా ఎటు పోతది బిడ్డా?’’

‘‘అది వేస్ట్ కదా సార్.’’

పట్నం పేరు నేను రాయడం లేదు. రాస్తే ఆ పిల్లవాడికి మెమో వస్తుంది. తప్పు అతనిది కాదు, అతని ఎస్టిమేట్లో ఆ సరకుకు విలువ కట్టే గడే లేదు. పాత ఆఫీసు బిల్డింగు కూలిస్తే కిటికీ చెక్కలూ ఇనుప కడ్డీలూ లెక్కపెట్టి ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించి వేలం వేస్తాం. కిలోమీటరు డాంబర్‌కు మాత్రం ఆ మర్యాద లేదు.

కాగితం మీద లెక్క వేశాను. కిలోమీటరు పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 280 ఘనపు మీటర్లు. బరువు దగ్గర దగ్గర 640 టన్నులు. అందులో వందకు అయిదు వంతులు డాంబర్ అనుకున్నా 32 టన్నులు. టన్ను 45 వేలు వేసుకుంటే 14 లక్షలు దాటుతుంది. పాతదై గట్టిపడింది కాబట్టి సగం విలువే కట్టండి, ఏడు లక్షలు. ఆరు వందల టన్నుల కంకర ధర, దాన్ని క్వారీ నుంచి తెచ్చే లారీ కిరాయి వేరే. మనం శుద్ధి చేసే ముడి చమురులో నూటికి 85 వంతులకు పైగా బయటి దేశాలదే. ఆ చమురు నుంచి వచ్చిన డాంబర్‌ను చెరువు పక్కన పారబోశాం.

మళ్లీ వాడే పద్ధతి కొత్తదేమీ కాదు. 1973లో చమురు ధరలు మండాక అమెరికా వాళ్లు దీని మీద పడ్డారు. ఇప్పుడు అక్కడ కొత్తగా తయారయ్యే డాంబర్ మిక్స్‌లో సగటున అయిదో వంతు పాత రోడ్ల సరకే. రోడ్ల పనికి ప్రమాణాలు రాసే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 2015లో ఐఆర్‌సీ 120 అని దీనికోసమే ఒక పుస్తకం వేసింది. తమిళనాడులో 2021లోనే ప్రధాన కార్యదర్శి, పాత పొర గీకాకే అదే మందంలో కొత్తది వేయండి, ఇళ్లలోకి నీళ్లు పోతున్నాయి అని అధికారులకు రాశారు. పుస్తకం మన ఆఫీసుల్లోనూ ఉంటుంది. అల్మారా తాళం ఎవరి దగ్గరుందో!

పనిలో తిప్పలు లేవని నేను అనను. పాత సరకును, కంకరా డాంబరూ వేడిచేసి కలిపే హాట్ మిక్స్ ప్లాంటు డ్రమ్ములో మంట ముఖాన వేస్తే అందులోని డాంబర్ కాలిపోతుంది, ఊరంతా నల్లటి పొగ. అందుకని డ్రమ్ము నడుముకు ఒక రింగు బిగిస్తారు. కొత్త కంకరను మామూలు కంటే ఎక్కువ వేడి చేసి, ఆ రింగు దగ్గర పాత సరకును కలిపితే కంకర వేడికే అది కరుగుతుంది. ప్లాంటు మొత్తం మార్చక్కర్లేదు. సరకును ముందు జల్లెడ పట్టాలి, పెళ్లలను చితక్కొట్టాలి, పైన రేకుల షెడ్డు వేయాలి. తడిసిన సరకును ఆరబెట్టడానికి డీజిలు తగలేస్తే మిగిలిందంతా అక్కడే పోతుంది. ల్యాబులో డాంబర్ ఎంతుందో, ఎంత గట్టిపడిందో చూసి, దాన్ని బట్టి మెత్తబరిచే నూనె కలపాలి. ఈ పరీక్ష ఎగ్గొట్టి ఇష్టమొచ్చినంత పాతది కలిపితే మాత్రం రెండో చలికాలానికే పగుళ్లు. అప్పుడు రీసైక్లింగ్ పనికిరాదని అందరూ తీర్మానిస్తారు. నా భయం అదే.

ఇక గుంతల సంగతి. మా దగ్గర ప్యాచ్ వర్క్ అంటే నలభై కిలోమీటర్ల అవతలి ప్లాంటు నుంచి ఒక లారీ మిక్స్ వస్తుంది. పొద్దున మొదటి గుంత దగ్గర వేడిగానే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక అది గడ్డకట్టిన బెల్లం. పారలతో కొట్టి గుంతలో వేసి, లారీ టైరే రెండుసార్లు ఎక్కించి పోతారు. వానాకాలం మొదటి వారంలోనే లేచిపోతుంది, అదే గుంతకు మళ్లీ బిల్లు. ట్రాక్టరు వెనక తగిలించుకునే హాట్ బాక్స్ అని ఒకటుంది. చుట్టూ వేడి పోకుండా గోడలు, కింద బర్నరు. మిక్స్‌ను సాయంత్రం దాకా వేడిగా ఉంచుతుంది. కొన్ని రకాల్లో గీకిన పాత సరకునే వేసి అక్కడికక్కడ వేడిచేసి వాడొచ్చు. దీనికి తోడు గుంత అంచులు నిలువుగా కోసే కట్టరు, దుమ్ము ఊదే కంప్రెసరు, ఇమల్షన్ (నీళ్లలో కలిపిన పల్చటి డాంబర్) కొట్టే చిన్న స్ప్రేయరు, అదురుతూ మిక్స్‌ను అణిచే ప్లేటు వైబ్రేటరు. ఇంతే సామాను. ఒక్కో మున్సిపాలిటీ కొనలేకపోతే నాలుగు కలిసి ఒక సెట్టు కొనుక్కోవచ్చు. పెద్ద మిల్లింగ్ మెషీన్ ఇరుకు గల్లీల్లో తిరగదు. బాబ్‌క్యాట్ అనే చిన్న లోడర్ బండికి బిగించే చిన్న డ్రమ్ములున్నాయి, కిరాయికి తెస్తే చాలు.

వీటన్నిటికంటే చవక పని పగుళ్లు మూయడం. వానాకాలానికి ముందు పగుళ్లలో దుమ్ము ఊది డాంబర్ నింపితే నీళ్లు లోపలికి దిగవు, చాలా గుంతలు అసలు పడవు. కానీ ఆ పనికి శిలాఫలకం వేయరు కదా.

ఒక పాత ముచ్చట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డ్రమ్ములు కోసి, కట్టెల మంట మీద డాంబర్ కాచేవాళ్లం. మా గ్యాంగులో మేమంతా అవ్వా అని పిలిచే ఒకామె ఉండేది. కాళ్లకు గోనెసంచి పీలికలు కట్టుకుని పనిచేసేది. రోడ్డు పక్క తవ్వి పడేసిన డాంబర్ పెళ్లలను ఏరి, రేకు మీద వేసి కాస్త కొత్త డాంబర్ చిలకరించి, మెత్తబడ్డాక గ్యాంగు హట్టు ముందరి గుంతలో దిమ్మెసతో కొట్టింది. ‘‘ఏందవ్వా, అంబలి కాస్తున్నవా?’’ అని నవ్వాను. ఆ రోడ్డు మీద మూడేళ్లు తిరిగాను. మేం పూడ్చిన గుంతలు లేచాయి, అవ్వ పూడ్చింది లేవలేదు.

నేను అడిగేది ఒక్కటే. మిల్లింగ్ ఉన్న ప్రతి ఎస్టిమేట్లో గీకిన సరకు ఎన్ని టన్నులో, ఎక్కడ నిల్వ చేస్తారో, దాని విలువ ఎంత తగ్గిస్తున్నారో రాయాలి. రాస్తే కాంట్రాక్టర్లే ప్లాంటుకు రింగు బిగించుకుంటారు. అడుగున మట్టే కుంగిన రోడ్లకు, పక్కన కాలువ లేని రోడ్లకు ఈ వైద్యం పనికిరాదు. వాటికి ముందు నీళ్ల దారి చూడాలి.

ఆ చెరువు పక్క కుప్ప ఇంకా సగం అలాగే ఉంది. ఎవర్ని అడగాలో తెలియక ట్రాక్టరతనికి కిరాయి ఇచ్చి ఒక లోడు తెప్పించాను. రసీదు అడిగితే నవ్వాడు. మా ఇంటి పక్క మట్టి సందులో పరిపించి, రోలర్ ఎక్కడిది, నీళ్లు చల్లి దిమ్మెసతో కొట్టించాను. ఏప్రిల్ ఎండకు మెత్తబడి, పాలబండి తొక్కుడుకు అణిగింది. జూన్ వానలు దాని మీదినుంచి జారిపోయాయి. ఇంజినీర్లు ఎవరైనా చూస్తానంటే మీ ఆఫీసులో నా ఫోన్ నంబరు ఉంది. చాయ్ ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
ఉత్తర తెలంగాణ